బాపు తువ్వాల, రెండు బకెట్లు

కొత్త కారు రాగానే నర్మెట్ట నుంచి కొమురవెల్లి మల్లన్న దగ్గరికి తోలుకపోయినం. బానెట్ మీద బండారి బొట్లు పెట్టించుకొని వచ్చినం. తెల్లారి మా బాపు పాత తువ్వాలతో ఆ బండారినీ, తొవ్వ దుమ్మునూ పొడిగానే రుద్ది తుడిచిండు. ఎండల చూస్తే సాలెగూడు లాంటి సన్నటి గీతలు! కసిరిన. ఆయన ఏమీ అనలే. తువ్వాల దండెం మీద వేసి లోపలికి పోయిండు.

తప్పు నాదే. ముందే చెప్పి ఉండాల్సింది. రంగును కాపాడే క్లియర్ కోట్ దాదాపు వెంట్రుక మందమే ఉంటుంది. దాని మీద దుమ్మును రుద్దితే గరుకు కాగితంతో గీకినట్టే.

ఇప్పుడు మా పద్ధతి వేరు. పొద్దున్నే నీడలో, ముందు నీళ్లు కొట్టి దుమ్ము, బండారి జారిపోనివ్వాలి. తర్వాత రెండు బకెట్లు: ఒకదాంట్ల కారు షాంపూ, ఇంకోదాంట్ల గుడ్డ జాడించుకునే మంచినీళ్లు. పైనుంచి కిందికి కడగాలి. గిన్నెల సబ్బు వద్దు, వ్యాక్స్‌ను ఊడగొడుతుంది. ఉప్పు బోరు నీళ్లయితే ఆరేదాకా ఆగొద్దు, తెల్లమచ్చలు పడతయి. వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో అద్దాలి. పిట్ట రెట్టను తడిపి, నానబెట్టి తీయాలి. రెండు మూడు నెలలకోసారి వ్యాక్స్ పూస్తే చాలు.

ఆ గీతలు పాలిష్‌తో పోతయన్నరు. పాలిషంటే ఆ పొరనే కొంచెం అరగదీయడం. అందుకే ఊకున్న.

మొన్న ఆదివారం నేను లేచేసరికి బాపు రెండు బకెట్లూ నింపి పెట్టిండు. "ఇగ రా బిడ్డా, ఎండ రాకముందే కడుగుదాం" అన్నడు.