జనసంద్రంలో మద్యం అనుమతులు: లెక్క దుకాణానికా, వీధికా?

ఏటా ఆగస్టు ఆఖరి సోమవారం, దానికి ముందు ఆదివారం పశ్చిమ లండన్‌లోని నాటింగ్ హిల్ వీధుల్లో కాలు పెట్టే సందు ఉండదు. కరీబియన్ దీవుల నుంచి వలస వచ్చినవారు 1950ల చివర్లో జాతి దాడులను చవిచూశాక తమ ఉనికిని చాటుకోవడానికి మొదలుపెట్టిన సంబరం అది. 1966లో వీధికెక్కింది. ఇప్పుడు రెండు రోజుల్లో పది లక్షలకు పైగా జనం వస్తారు. దుకాణదారులు అద్దాలకు అడ్డంగా ప్లైవుడ్ చెక్కలు బిగించుకుంటారు. ఊరు విడిచి వెళ్లని ఇంటివారిలో కొందరు వాకిట్లో బల్ల వేసి, ఐసు నింపిన టబ్బులో బీరు డబ్బాలు పెట్టి అమ్ముతారు. అలా అమ్మాలంటే ఓ కాగితం ఉండాలి. పండుగ మద్యం మీద మన ప్రభుత్వాలు ఆలోచించాల్సిన సంగతులు చాలావరకు ఆ కాగితంలోనే ఉన్నాయి.

బ్రిటన్ 2003 లైసెన్సింగ్ చట్టం ప్రకారం తాత్కాలికంగా మద్యం అమ్మదలచినవారు సాధారణంగా పది పనిదినాల ముందు స్థానిక కౌన్సిల్‌కు నోటీసు ఇవ్వాలి. రుసుము 21 పౌండ్లు, మన డబ్బుల్లో సుమారు రెండున్నర వేల రూపాయలే. ఒక సమయంలో ఆ చోట 499 మందికి మించకూడదు. ఏకబిగిన 168 గంటలకు మించి సాగకూడదు. అభ్యంతరం చెప్పే హక్కు పోలీసులకు, పర్యావరణ ఆరోగ్య అధికారులకు మాత్రమే ఉంది. వాళ్లకైనా మూడు పనిదినాలే గడువు. పక్కింటివారికి ఆ హక్కు లేదు.

పెళ్లి విందుకో, బడి వార్షికోత్సవానికో సరిపోయే ఏర్పాటు ఇది. దాన్నే లక్షల మంది నడిచే వీధికి వర్తింపజేస్తే లోపం బయటపడుతుంది. ప్రతి నోటీసూ తన ప్రహరీ లోపలి మనుషులనే లెక్కపెడుతుంది. కొనేవాళ్లేమో ప్రహరీ బయట, వీధిలో ఉంటారు. ఒకే వీధిలో ఇరవై వాకిళ్లలో ఇరవై బల్లలు వేస్తే ఏ కాగితానికా కాగితం సక్రమమే. ఆ ఇరవై కలిసి వీధిని ఏం చేస్తాయన్న లెక్క మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు. వీధి మొత్తానికి ఇంతకు మించి అనుమతులు ఇవ్వరాదన్న పరిమితి ఆ చట్టంలో లేదు.

జనం కిక్కిరిసిన చోట ప్రమాదం ఎలా పుడుతుందో తెలిస్తే ఈ లెక్క ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. చదరపు మీటరుకు ఐదారుగురు చేరాక మనిషి తన ఇష్టప్రకారం కదలలేడు, గుంపు ఎటు నెడితే అటు పోతాడు. తాగినవాడు ఆలస్యంగా స్పందిస్తాడు, తూలుతాడు. పడితే లేవలేడు, అతని మీద ఇంకొకరు పడతారు. అయితే నా దృష్టిలో తాగినవాడికంటే ముందు చూడాల్సింది మద్యం కోసం ఆగిన వరుసను. నడుస్తున్న గుంపుకు అడ్డంగా, ఇరుకు వీధిలో ఇరవై మంది నిలబడితే వెనకాల వేల మంది ఆగిపోతారు. రోజుకు ఏడు వేల మంది దాకా పోలీసులను దింపే లండన్ పోలీసు శాఖే నాటింగ్ హిల్‌లో తొక్కిసలాట భయం ఉందని బహిరంగంగా హెచ్చరించింది. అందుకే తాత్కాలిక మద్యం అనుమతికి మొదటి పరీక్ష దరఖాస్తుదారుడి యోగ్యత కాదు, ఆ బల్ల ముందు నిలబడే వరుసకు చోటుందా లేదా అన్నది.

మన దగ్గర ఇదే ప్రశ్న మేడారంలో ఎదురవుతుంది. ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో రెండేళ్లకోసారి, మాఘమాసంలో నాలుగు రోజులు జరిగే సమ్మక్క సారలమ్మ జాతరలో మద్యం మొక్కులో భాగం. కోడి, మేక, బంగారంగా పిలుచుకునే బెల్లంతో పాటు అమ్మవార్లకు మందు కూడా సమర్పిస్తారు. కోయల ఇప్పసారాది ఆ అడవిలో తరతరాల చరిత్ర. అక్కడ మద్యమే వద్దనడం భక్తులను, ఆదివాసులను అవమానించడమే అవుతుంది. ఎక్సైజ్ శాఖ జాతర రోజులకు తాత్కాలిక దుకాణాలకు అనుమతులిస్తూ వచ్చింది కూడా.

ఇబ్బంది దుకాణం దాటాక మొదలవుతుంది. దుకాణంలో కొన్న క్వార్టర్ సీసాలు గుడారాల మధ్య బెల్టు షాపుల్లోకి చేరి, ముద్రించిన ధరకంటే ఎక్కువకు అమ్ముడవుతాయి. అనుమతి పొందినది ఒక్కటైతే అమ్మేచోట్లు ఎన్నో ఎవరి రిజిస్టరులోనూ ఉండదు. జనం వెళ్లిపోయాక గుడారాలకూ వాహనాలకూ చోటిచ్చిన రైతు తన మడిలో అరక కట్టేముందు గాజు పెంకులు ఏరుకోవాలి. ఏరినా మిగిలినవి దుక్కిలో ఎద్దు గిట్టకో, నాటులో కూలీ పాదానికో గుచ్చుకుంటాయి. జాతర ఆదాయం ఖజానాకు, గాయం ఆ కూలీకి. ఇది అన్యాయం.

ఈ గాజు సమస్యకు పరిష్కారం పొరుగునే ఉంది. తమిళనాడు ప్రభుత్వ మద్యం దుకాణాల్లో, 2022లో నీలగిరుల నుంచి మొదలుపెట్టి, సీసాకు పది రూపాయలు అదనంగా తీసుకుని ఖాళీ సీసా తెచ్చిస్తే తిరిగి ఇస్తున్నారు. అడవిలో పగిలిన సీసాలు ఏనుగుల కాళ్లకు గుచ్చుకుంటున్నాయని మద్రాసు హైకోర్టు పట్టుబట్టడంతో మొదలైన పద్ధతి అది. మేడారం కూడా అడవే. తాత్కాలిక దుకాణానికి ఇచ్చే అనుమతిలో ఈ ఒక్క షరతు చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

హైదరాబాద్‌ది మరో దారి. గణేశ్ నిమజ్జనానికి, బోనాలకు పోలీసు కమిషనర్లు ఎక్సైజ్ చట్టం 20వ సెక్షన్ కింద వైన్ షాపులు, కల్లు దుకాణాలు మూయిస్తారు. ట్యాంక్‌బండ్ మీద లక్షల మంది ఉన్న రాత్రి అది సమర్థనీయమే. కానీ ముందురోజు సాయంత్రం షాపుల ముందు బారులు తీరే జనాన్ని చూసినవారికి మూత సగం పనే చేస్తుందని తెలుసు. ఒక రోజు అమ్మకం ఒక రోజు ముందుకు జరుగుతుంది, మిగిలింది దొంగచాటుకు మళ్లుతుంది.

అనుమతించేదీ సరఫరా చేసేదీ సర్కారే కావడం మన ప్రత్యేకత. తెలంగాణలో లైసెన్సున్న వైన్ షాపులన్నిటికీ సరుకు ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ నుంచే వెళ్తుంది. అమ్మకం పెరిగితే మెప్పు దక్కే శాఖే అమ్మకానికి హద్దు గీయాలి. ఆ శాఖ అధికారి ఎంత నిజాయతీపరుడైనా అతని మీద ఆ ఒత్తిడి ఉంటుంది. కాబట్టి వద్దనే అధికారం మరొకరి చేతిలో ఉండి తీరాలి.

లండన్ ఇంటివారికి లేని ఆ అధికారం మేడారం ఊరివారికి చట్టంలో ఉంది. జాతరను రాష్ట్ర పండుగగా ప్రకటించిన 1996లోనే పార్లమెంటు పెసా చట్టం చేసింది. మేడారం లాంటి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఉండాలని అది స్పష్టంగా చెప్పింది. ఏజెన్సీలో మద్యం లైసెన్సులు గిరిజనులకే ఇవ్వడం మంచిదే. అయితే లైసెన్సుదారు గిరిజనుడు కావడం వేరు, గ్రామసభ నిర్ణయించడం వేరు. గిరిజనుడి పేరు మీద బయటి వ్యాపారి దుకాణం నడిపితే మొదటిది కూడా ఉత్తమాటే.

గ్రామసభ నిర్ణయం అర్థవంతంగా ఉండాలంటే జాతరకు కనీసం రెండు నెలల ముందు ఒక పటం సభ ముందుకు రావాలి. అమ్మవార్ల గద్దెల చుట్టూ, జంపన్న వాగు స్నానఘట్టాల దగ్గర, బస్సు ప్రాంగణం దారిలో ఎక్కడ దుకాణం ఉండకూడదో అందులో గుర్తించాలి. మొత్తం ఎన్ని దుకాణాలు, ఏ గంటకు మూత, ఒక్కొక్కరికి ఎన్ని సీసాలు, ఖాళీ సీసాలు ఎక్కడ తిరిగి తీసుకుంటారు, వరుసకు ఎంత జాగా అన్నవి పటంతోపాటే చదివి వినిపించాలి. సభ ఒప్పుకున్న సంఖ్యకు మించి ఒక్క అనుమతి కూడా ఇవ్వకూడదు. అనుమతి రుసుములో కొంత భాగం పొలాలు శుభ్రం చేయడానికి నేరుగా పంచాయతీ ఖాతాలో పడాలి.