గాయపడిన ఆటగాడు, ఆగలేని అభిమాని

ఆస్ట్రేలియాలో పిల్లలు స్థిరపడిన పాఠకులకు ‘ఫుటీ’ అనే మాట కొత్తది కాదు. తక్కినవారి కోసం రెండు మాటలు మనవి చేస్తాను. అది మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతితో, దాదాపు అదే ఆకారంలో ఉండే విశాలమైన మైదానంలో, జట్టుకు 18 మంది చొప్పున ఆడతారు. బంతిని కాలితో తన్నవచ్చు, చేత పట్టుకొని పరుగెత్తవచ్చు, పిడికిలితో కొట్టి తోటివానికి అందించవచ్చు. ఎదుటివాని వీపుపై మోకాళ్ళు ఆనించి పైకెగిరి గాలిలో బంతిని అందుకోవడం అక్కడ నేరం కాదు, ఘనత. అమెరికావారి ఫుట్‌బాల్‌లో వలె ఒంటికి మెత్తలు, తలకు గట్టి శిరస్త్రాణం ఉండవు. మనిషికి మనిషి ఢీకొనడం ఆటలో భాగమే.

మా పెద్దమ్మాయి కుటుంబం మెల్బోర్న్ నగరంలో ఉన్నందున కొన్ని చలికాలాలు నేనక్కడ గడిపాను. ఆట జరిగేది ఆ కాలంలోనే. మా అల్లుడు, అతని మిత్రులు ‘డీమన్స్’ అని పిలుచుకునే మెల్బోర్న్ జట్టుకు వీరాభిమానులు. 1858లో పుట్టిన క్లబ్బు అది. 1964లో విజేతగా నిలిచిన తరువాత 57 ఏళ్ళ పాటు మళ్ళీ ఆ భాగ్యం కలగలేదు. 2021లో పెర్త్ నగరంలో వెస్టర్న్ బుల్‌డాగ్స్ జట్టును ఓడించి ఆ కరువు తీర్చుకుంది. అన్నేళ్ళు ఎదురుచూసినవారికి జట్టుపై ప్రేమ ఎంత గాఢమో, తొందర కూడా అంతే ఉంటుంది.

నలుగురు కూర్చున్నారంటే జట్టు భవిష్యత్తే చర్చ. కెప్టెన్ మాక్స్ గాన్‌కు ముప్ఫై నాలుగో ఏడు వచ్చింది, ఇంకెన్నాళ్ళు ఆడగలడు, అంతటి పొడగరి మళ్ళీ ఎక్కడ దొరుకుతాడు? 2025 చివర క్రిస్టియన్ పెట్రాకా గోల్డ్‌కోస్ట్‌కు, క్లేటన్ ఆలివర్ గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీకి తరలిపోయారు, మైదానం మధ్యభాగాన్ని ఇక ఎవరు మోస్తారు? హార్వీ లాంగ్‌ఫర్డ్, జేవియర్ లిండ్సే వంటి కుర్రవాళ్ళు ఎప్పటికి పదునెక్కుతారు? సైమన్ గుడ్విన్ స్థానంలో వచ్చిన కొత్త కోచ్ స్టీవెన్ కింగ్ వీరిని ఎలా తీర్చిదిద్దుతాడు? 2034 వరకు ఒప్పందం రాసిన కైసయా పికెట్ అప్పటికి ఎలా ఉంటాడు? ఈ ముచ్చట్లు వినడం నాకు సరదాయే. ఒక్కోసారి వారి విశ్లేషణ నేను కూర్చున్న కొన్ని మెడికల్ బోర్డుల చర్చల కన్నా నిశితంగా ఉండేదంటే అతిశయోక్తి కాదు.

అయితే ఒక వైద్యునిగా నన్ను కలవరపరచిన సంగతి ఒకటుంది. ప్రతి విషయాన్నీ అంత సూక్ష్మంగా తర్కించేవారు గాయం దగ్గరకు వచ్చేసరికి ఒకే ప్రశ్నతో సరిపెట్టుకుంటారు. ‘ఎన్ని వారాలు?’

మోకాలి విషయంలో ఆ ప్రశ్నకు జవాబుంది. ముందరి స్వస్తిక బంధనం, అనగా ఏ.సి.ఎల్. తెగితే శస్త్రచికిత్స తరువాత తొమ్మిది నెలల నుండి ఏడాది. తొడ వెనుక కండరం పట్టితే కొన్ని వారాలు. కాని శరీరంలోని అన్ని భాగాలూ క్యాలెండరు చూసుకొని మానవు. పైగా కొన్ని గాయాలు బయటకు కనబడవు.

పెట్రాకా ఉదంతమే చూడండి. 2021 ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడిగా నార్మ్ స్మిత్ పతకం పొందిన యోధుడతడు. 2024 జూన్ 10న, రాజుగారి పుట్టినరోజు సెలవునాడు, కాలింగ్‌వుడ్‌తో ఆడుతుండగా ప్రత్యర్థి మోకాలు అతని పక్కటెముకలకు బలంగా తగిలింది. కొంతసేపు బయట ఉండి, మళ్ళీ మైదానంలోకి వచ్చి ఆడాడు. ఆ తరువాత ఆసుపత్రిలో తేలినదేమిటి? నాలుగు పక్కటెముకలు విరిగాయి, ఊపిరితిత్తికి చిల్లు పడింది, ప్లీహం చీలింది. శస్త్రచికిత్స జరిగింది. ఆ ఏడు మళ్ళీ ఆడలేదు.

ప్లీహం ఎడమవైపు కింది పక్కటెముకల చాటున దాగి ఉండే మెత్తని అవయవం. రక్తంతో నిండిన స్పంజి వంటిది. అది చీలినా మొదట కొంతసేపు మనిషి నిలబడగలడు, నడవగలడు, మాట్లాడగలడు. ఆరోగ్యవంతుడైన యువకుని శరీరం రక్తనాళాలను బిగించి, గుండె వేగం పెంచి, రక్తపోటును పడిపోనీయకుండా కాపాడుకొంటుంది. అందుకే వాని ముఖం చూసి లోపలి రక్తస్రావాన్ని పసిగట్టడం అనుభవజ్ఞులకు కూడా కష్టం. ఎడమ భుజంలో కారణం లేని నొప్పి ఒక్కోసారి ప్లీహం పంపే సంకేతం. భుజానికి దెబ్బే తగలలేదు కదా అని రోగి దానిని చెప్పడు, మనమే అడగాలి. మన మన్యం ప్రాంతాల్లో మలేరియా వల్ల ప్లీహం పెరిగిన వారికి చిన్న దెబ్బ కూడా ప్రాణాంతకం కావచ్చునని అక్కడ పనిచేసిన వైద్యులందరికీ తెలుసు. సైకిల్ హ్యాండిల్ కడుపులో గుచ్చుకున్న పిల్లవాడిని ‘ఏమీ కాలేదు, లేచి ఆడుకుంటున్నాడు’ అని ఇంట్లో ఉంచుకోవద్దని నేను ఎన్నోమార్లు చెప్పాను, మళ్ళీ చెబుతున్నాను.

ఇంతకూ పెట్రాకా తిరిగి మైదానంలోకి రావడాన్ని నేను విన్న ముచ్చట్లలో చాలామంది మెచ్చుకున్నారు. పక్కటెముకలు విరిగినా ఆడిన మగధీరుడన్నారు. నాకు ఆ మెప్పు రుచించలేదు. అతని ధైర్యాన్ని శంకించడం లేదు. చీలిన ప్లీహానికి ధైర్యంతో పని లేదని మాత్రమే నా మాట. ఆ మెప్పును వింటూ పెరిగే పదిహేనేళ్ళ కుర్రవాడు రేపు తన నొప్పిని కోచ్‌కు చెప్పడు.

ఇక తల. ఏంగస్ బ్రేషా పేరు డీమన్స్ అభిమానులు నేటికీ నిట్టూర్పుతో తలచుకొంటారు. 2021 విజేత జట్టు సభ్యుడు. అంతకు ముందే పలుమార్లు తలకు దెబ్బలు తగిలినందున మెత్తని టోపీ ధరించి ఆడేవాడు. 2023 సెప్టెంబరు 7న కాలింగ్‌వుడ్‌తో జరిగిన ఫైనల్స్ పోటీలో, బంతిని అడ్డుకోవడానికి గాలిలోకి ఎగిరిన బ్రేడెన్ మేనార్డ్ భుజం అతని తలకు తాకింది. అక్కడికక్కడే స్పృహ తప్పాడు. మేనార్డ్ దోషి కాదని ట్రైబ్యునల్ తేల్చింది, నియమాన్ని మాత్రం తరువాత కఠినం చేశారు. బ్రేషా మళ్ళీ ఆడలేదు. 2024 ఫిబ్రవరిలో, 28 ఏళ్ళ వయసులో, వైద్యుల సలహాపై ఆటకు స్వస్తి పలికాడు.

‘టోపీ పెట్టుకున్నాడు కదా?’ అని అప్పట్లో మా అల్లుడి మిత్రులొకరు నన్నడిగారు. మంచి ప్రశ్న. లేత కొబ్బరిబోండాం చుట్టూ నాలుగు పొరల గుడ్డ చుట్టి ఒక్క ఊపు ఊపండి. పైన గీత పడదు. లోపలి నీరు కదలక మానుతుందా? పుర్రెలోని ద్రవంలో తేలియాడే మెదడు పరిస్థితి అదే. తల ఒక్కసారిగా తిరిగినప్పుడు, ఆగినప్పుడు మెదడు తంతువులు సాగుతాయి, మెలిపడతాయి. దానినే కంకషన్ అంటాము. మెత్తని టోపీ చర్మం చిట్లకుండా కాపాడుతుంది గాని ఈ కదలికను ఆపలేదు. (ఇది చదివి ద్విచక్ర వాహనదారులు హెల్మెట్ తీసి అటక మీద పెట్టరాదు. గట్టి హెల్మెట్ పుర్రె పగలకుండా, మెదడులో రక్తస్రావం జరగకుండా ప్రాణం నిలుపుతుంది. అది వేరు, ఇది వేరు.)

కంకషన్ వచ్చిన చాలామందిలో స్పృహ తప్పదు. సి.టి. స్కాన్ సాధారణంగా మామూలుగానే ఉంటుంది. తలనొప్పి, వెలుతురు పడకపోవడం, చిరాకు, నిద్ర చెడటం, చదివినది తలకెక్కకపోవడం వంటివి కొన్ని గంటలు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు ఆలస్యంగా బయటపడతాయి. మోకాలి వలె వాపు చూపి ‘ఇదిగో’ అనడానికి వీలులేదు. అభిమాని నమ్మడు. ఒక్కోసారి ఆటగాడే నమ్మడు.

2023లో ఆ ఓటమి తరువాత డీమన్స్ మరొక పోటీలో కార్ల్‌టన్ చేతిలో రెండంటే రెండు పాయింట్ల తేడాతో ఓడి ఇంటిదారి పట్టింది. ‘బ్రేషా ఉండి ఉంటేనా!’ అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. సహజమే. కాని మైదానంలో కదలక పడి ఉన్న మనిషిని కళ్ళారా చూసిన వారం రోజులకే ఆ మాట అనగలిగామంటే, మన దృష్టిలో అతడు మనిషా, పాయింట్ల పట్టికలో ఒక అంకెయా? ఆ రాత్రి గెలిచిన కాలింగ్‌వుడ్ చివరకు ఆ ఏటి విజేత అయింది. వారి ఆటగాడు నేథన్ మర్ఫీ ఆ ఫైనల్‌లోనే కంకషన్‌తో బయటకు వెళ్ళి, మరుసటి ఏప్రిల్‌లో 24 ఏళ్ళకే ఆట మానుకున్నాడు. గెలిచిన జట్టుకూ మినహాయింపు లేదు.

తలకు పదే పదే తగిలే దెబ్బలు, కంకషన్ దాకా రాని చిన్న దెబ్బలు సైతం, కొందరిలో ఏళ్ళు గడిచాక సి.టి.ఇ. అనే మెదడు క్షీణతకు దారితీస్తాయి. టౌ అనే ప్రొటీన్ మెదడులో అసహజంగా పేరుకొంటుంది. జ్ఞాపకశక్తి, స్వభావం, నిగ్రహం మారిపోతాయి. దీనిని నిశ్చయంగా నిర్ధారించడం మరణానంతరం మెదడును పరీక్షించినప్పుడే సాధ్యం. 2019లో మరణించిన పాలీ ఫార్మర్, అదే ఏడు కారు ప్రమాదంలో పోయిన డానీ ఫ్రాలీ, 38 ఏళ్ళకే కన్నుమూసిన షేన్ టక్, వీరందరి మెదళ్ళలో అది కనబడింది. 28 ఏళ్ళ హెదర్ ఆండర్సన్ మహిళల లీగ్‌లో ఆడిన యువతి. సి.టి.ఇ. నిర్ధారణ అయిన తొలి వృత్తి క్రీడాకారిణిగా 2023లో ఆమె పేరు లోకానికి తెలిసింది. షేన్ టక్ మరణంపై విచారణ జరిపిన విక్టోరియా కరోనర్ ఆ ఏడు డిసెంబరులో, సాధనలో శరీరాలు ఢీకొనే సందర్భాలకు పరిమితి విధించాలని సిఫారసు చేశారు. ఆడిన ప్రతివారికీ ఈ జబ్బు వస్తుందని దీని అర్థం కాదు. ఎవరికి వస్తుందో ముందుగా చెప్పే పరీక్ష నేటికీ లేదు. నాకు భయం కలిగించేది అదే.

ఇప్పుడు నా అభ్యంతరం వినండి. ఆస్ట్రేలియా క్రీడా సంస్థ 2024 ఫిబ్రవరిలో జారీచేసిన మార్గదర్శకాల ప్రకారం పిల్లలు, ఊరి క్లబ్బుల ఆటగాళ్ళు కంకషన్ తరువాత కనీసం 21 రోజులు పోటీకి దిగరాదు. శరీరాలు తాకే సాధనకు ముందు 14 రోజులు ఏ లక్షణమూ లేకుండా గడవాలి. అదే దేశంలో, పెద్ద లీగ్‌లో ఆడే వృత్తి ఆటగాడికి మాత్రం కనీస గడువు 12 రోజులు. అక్కడ నిపుణులైన వైద్యులు ప్రతిదినం పరీక్షిస్తారు కనుక తక్కువ చాలునంటారు. ఆ వాదనలో కొంత బలముందని ఒప్పుకొంటాను, అయినా నాకు సమ్మతం కాదు. పరీక్షలు ఎక్కువైనంత మాత్రాన మెదడు త్వరగా మానదు. 12 రోజులంటే లెక్కకు ఒక ఆట, మహా అయితే రెండు. ఆ అంకెలో వైద్యశాస్త్రంతో పాటు వారాంతపు పోటీల పట్టిక కూడా ఉన్నదని నా అనుమానం.

ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసిన ప్రతి వైద్యునికీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం ఎదురుగా నిలుచున్న మనిషి చూపు తెలుసు. ఉద్యోగంలో చేరాలి, రేపే ఆఖరి రోజు, మీ సంతకమే మిగిలింది అంటారు. ఒక్క మనిషి చూపే కలాన్ని అంత బరువెక్కిస్తే, లక్షమంది పట్టే మెల్బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో, జట్టు జీతం తీసుకుంటూ, ‘వీడు మళ్ళీ ఆడవచ్చునా?’ అని నిమిషాల్లో తేల్చవలసిన వైద్యుని సంగతి ఆలోచించండి. ఆ నిర్ణయం జట్టుతో సంబంధం లేని వైద్యుల చేతిలో ఉండాలన్నది నా దృఢాభిప్రాయం. అభిమానులు కూడా ఆ బరువు కొంత తగ్గించగలరు. ‘ఎన్ని వారాలు?’ అనడానికి బదులు ‘తలనొప్పి తగ్గిందా? నిద్ర పడుతున్నదా?’ అని అడిగే అభిమానులు ఎక్కువైతే, మైదానం అంచున కూర్చున్న వైద్యుని చేయి కాస్త తేలికవుతుంది.

మెల్బోర్న్, సిడ్నీలలో మన పిల్లల పిల్లలు ఇప్పుడు ఈ ఆట నేర్చుకొంటున్నారు. మాన్పించమని నేను చెప్పను. పరుగు, స్నేహం, గెలుపోటములు పిల్లలకు అవసరమే. తలకు దెబ్బ తగిలి తడబడినా, చూపు మసకబారినా, అడిగిన మాటే మళ్ళీ అడుగుతున్నా ఆ రోజుకు ఆట అక్కడితో ఆపించండి. ఎంత ఏడ్చినా సరే. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి ఇవ్వండి, ఫోను, టీవీ తగ్గించండి. తరువాత కొద్దికొద్దిగా నడక, బడి. వారాల తరబడి చీకటిగదిలో ఉంచే పాత పద్ధతి ఇప్పుడు లేదు. నొప్పికి పారాసెటమాల్ చాలు, ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ ఇవ్వవద్దు. తలనొప్పి పెరుగుతున్నా, మళ్ళీ మళ్ళీ వాంతులైనా, లేపితే లేవకపోయినా, మూర్ఛ వచ్చినా, కంటిపాపల్లో తేడా కనిపించినా, ముక్కులో నుంచి, చెవిలో నుంచి నీళ్ళవంటి ద్రవం కారినా తెల్లవారేదాకా చూద్దామనుకోవద్దు. ఆస్ట్రేలియాలో 000, మన దగ్గర 108.