ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవద్దు

కొంచెం పొడుగు పోస్టు. కంప్యూటర్స్ చదివేవాళ్లు పూర్తిగా చదవండి. మిగతావాళ్లు మీ హాస్టల్లో ప్రాజెక్టు చేస్తున్నవాళ్లకి పంపండి.

ప్రాజెక్టుల టైమ్ వచ్చిందంటే మన పిల్లలు అడిగేది ఒకటే. "అన్నా, డాట్‌నెట్ ప్రాజెక్టు ఓపెన్ చేస్తే ప్యాకేజీ రీస్టోర్ ఫెయిల్ అంటోంది, ఏం చెయ్యాలి?" జవాబు కూడా ఒకటే వస్తది. "క్యాష్ క్లియర్ చెయ్." ఈ సలహా మనలాంటివాళ్లకి మేలు కంటే నష్టమే ఎక్కువ చేస్తుందని నా అభిప్రాయం.

అసలు రీస్టోర్ అంటే ఏంటి? మన ప్రాజెక్టు ఫైల్లో ఏ ప్యాకేజీ, ఏ వెర్షన్ కావాలో రాసి ఉంటుంది. సంతకి తీసుకెళ్లే చిట్టా అనుకోండి. నూగెట్ ఆ చిట్టా పట్టుకొని ముందు మన కంప్యూటర్లో దాచిన ప్యాకేజీల ఫోల్డర్ చూస్తుంది. అది మన ఇంట్లో గాదె. సరిగ్గా ఆ వెర్షన్ అక్కడ ఉంటే నెట్ నుంచి దించదు. లేకపోతేనే సంతకి, అంటే నూగెట్ డాట్ ఆర్గ్‌కి వెళ్తుంది.

"డాట్‌నెట్ నూగెట్ లోకల్స్ ఆల్" అని కొట్టి చివర క్లియర్ పెడితే ఆ గాదె మొత్తం ఖాళీ అయిపోతుంది. ఇంట్లో వైఫై ఉన్నవాళ్లకి మళ్లీ నింపుకోవడం కాసేపటి పని. మనకి? రోజుకి ఒకటిన్నర జీబీ డేటా, అది కూడా ఫోన్ హాట్‌స్పాట్ మీద. పైగా అసలు జబ్బు నెట్‌దే అయితే, నిన్నటిదాకా నడిచిన మిగతా ప్రాజెక్టులు కూడా ఆగిపోతాయి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు ఉంటుంది.

ముందు ఎర్రర్ చదవండి. చివరి లైన్‌లో "రీస్టోర్ ఫెయిల్డ్" అని మాత్రమే ఉంటుంది, దానితో ఏమీ తెలీదు. పైకి వెళ్లి ఎన్‌యూతో మొదలయ్యే మొదటి నంబర్ పట్టుకోండి.

ఎన్‌యూ 1101 అంటే ఆ పేరుతో సరుకు మీరు వెతికిన చోట లేదు. స్పెల్లింగ్ చూడండి. కొత్తగా విజువల్ స్టూడియో వేసిన కంప్యూటర్లో ఒక్కోసారి ఆఫ్‌లైన్ ప్యాకేజీల సోర్స్ ఒక్కటే ఉంటుంది, నూగెట్ డాట్ ఆర్గ్ ఉండదు. సోర్స్‌ల లిస్టు చూసి కలిపితే సరిపోతుంది.

ఎన్‌యూ 1102 అంటే సరుకు ఉంది, మీరు అడిగిన వెర్షన్ లేదు. నంబర్ సరిచూడండి.

ఎన్‌యూ 1301 అంటే సంతకి దారే మూసుకుంది. మన దగ్గర ఎక్కువగా కనపడేది ఇదే. సీనియర్ ఇచ్చిన ప్రాజెక్టులో నూగెట్ కాన్ఫిగ్ ఫైల్ ఉండి, అందులో ఆయన డీ డ్రైవ్‌లో ఉన్న ఫోల్డర్ పేరు ఉండొచ్చు. మీ కంప్యూటర్లో ఆ ఫోల్డర్ ఎక్కడిది? కాలేజీ వైఫై లాగిన్ అయిపోయి ఉండొచ్చు. ల్యాబ్‌లో పాత కంప్యూటర్ అయితే కింద మూల తేదీ చూడండి. మదర్‌బోర్డు మీద చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, అప్పుడు సర్వర్ సర్టిఫికెట్ చెల్లదని కనెక్షన్ ఆగిపోతుంది. తేదీ మార్చడానికి ఒక్క ఎంబీ డేటా కూడా అక్కర్లేదు.

"నేను క్లియర్ చేస్తే పనిచేసింది కదా" అనే అన్నలు ఉన్నారు. నిజమే. ఫైల్ పాడైతే పనిచేస్తుంది. కానీ అప్పుడు కూడా ఆ ఒక్క ప్యాకేజీ ఫోల్డర్ తీసేసి మళ్లీ రీస్టోర్ కొడితే చాలు. ఒక బస్తాకి పురుగు పడితే గాదె మొత్తం పారబోస్తామా?

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా హాస్టల్లో ఒక తమ్ముడు ఈ ఎర్రర్‌తో వారం తిరిగాడు. చివరికి స్కాలర్‌షిప్ డబ్బులతో రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కున్నాడు. వైవాలో అడిగితే నోరు పెగల్లేదు. "మీకు బేసిక్స్ రావు" అన్నారు. ఆ తమ్ముడు లాజిక్ రాసుకోగలడు. కోడ్ రాయడం దాకా వెళ్లనే లేదు, సంత దారిలోనే ఆగిపోయాడు. మన ఇళ్లల్లో మనమే మొదట కాలేజీకి వచ్చినవాళ్లం. ఇంటికి ఫోన్ చేసి అడుగుదామంటే ఈ మాటలు తెలిసినవాళ్లు ఉండరు. అందుకే ఎర్రర్ రాగానే తప్పు మనదే అనుకుంటాం. 2016 మార్చిలో ఎన్‌పీఎమ్ నుంచి లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీ తీసేస్తే ప్రపంచంలో ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి. వాళ్లకి బేసిక్స్ రావని ఎవరూ అనలేదు.

నా ప్రతిపాదన ఒకటే. ప్రతి హాస్టల్లో ఒక పెన్‌డ్రైవ్ గాదె పెట్టుకుందాం. రీస్టోర్ అయిన సీనియర్ తన యూజర్ ఫోల్డర్లో ఉన్న నూగెట్ ప్యాకేజీలని కాపీ చేసి ఇవ్వాలి. జూనియర్లు తమ కంప్యూటర్లో అదే చోట పెట్టుకుంటే, అవే వెర్షన్‌లకి మళ్లీ డౌన్‌లోడ్ అక్కర్లేదు. వెర్షన్ దగ్గర నక్షత్రం గుర్తు పెట్టకుండా పక్కా నంబర్ రాయండి, లేదంటే కొత్తది ఏమైనా వచ్చిందేమో అని నెట్ దగ్గరికి పోతుంది. కాలేజీ ల్యాబుల్లో కూడా ఇలా ఒక షేర్డ్ ఫోల్డర్ పెట్టమని అడుగుదాం. దానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, ఒక సార్ ఒక పూట కూర్చుంటే అయిపోతుంది.

ఎర్రర్ వచ్చినవాళ్లు స్క్రీన్ చివరి లైన్ ఫొటో కాకుండా, ఎన్‌యూ నంబర్ ఉన్న లైన్ ఇక్కడ పెట్టండి. తెలిసినవాళ్లం చెప్తాం. సీనియర్లు మీ హాస్టల్ పేరు, మీ దగ్గర ఉన్న ప్యాకేజీల పేర్లు కామెంట్లో రాయండి. సెలవులకి ఊరెళ్లే ముందే పెన్‌డ్రైవ్‌లు చేతులు మారాలి.

జోహార్.