నోరులేని బొమ్మ

పోయిన దసరాకు కోయంబత్తూరులోని మా ఇంటి బొమ్మల కొలువుకు ఒక కొత్త చుట్టం వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలో ఉంటున్న మా అమ్మాయి, తొమ్మిదేళ్ళ మనవరాలిని తీసుకుని వస్తూ ఒక జానెడు బొమ్మను తెచ్చింది. మొక్కజొన్న పొత్తు మీద మనం ఒలిచి పారేసే పొరలతో చేసిన బొమ్మ అది. మా అమ్మ కాపురానికి తెచ్చుకున్న ఎర్రచందనం జంట పక్కనే మనవరాలు దాన్ని నిలబెట్టింది.

"అవ్వా, దీనికి మొహం లేదు చూడు" అని, ఆ కథ ఇంగ్లీషులో చెప్పింది. అక్కడి ఆదివాసుల్లో ఇరొక్వా అని బయటివారు పిలిచే ఆరు జాతులవారున్నారు. వారు తమను హోడెనోషోనీ, అంటే పొడవాటి ఇంటివారు అని చెప్పుకుంటారు. పూర్వం మొక్కజొన్న తల్లి పిల్లల్ని ఆడించమని ఒక చక్కని బొమ్మను చేసిందట. ఆ బొమ్మ నీళ్ళలో తన నీడ చూసుకుని మురిసిపోతూ పిల్లల్ని మరచిపోయిందట. అందుకే దాని మొహం తీసేశారట. అందం చూసుకుని గర్వపడరాదని పిల్లలకు బుద్ధి చెప్పే కథ.

ఎలా చేస్తారని అడిగాను. పొరలు చిరగకుండా నీళ్ళలో నానబెట్టి, మడిచి మెడ దగ్గర కట్టి, జడలా అల్లి చేతులు పెట్టి, నడుము కట్టి కింద పావడాలా విప్పుతారట. వింటుంటే మా అవ్వ కళ్ళముందు నిలిచింది. మదురై పక్క పల్లెలో ఆమె లేత తాటాకు మడిచి, నారతో మెడా నడుమూ కట్టి, పాత చీర పేలిక చుట్టి పెళ్ళికూతురిని చేసేది. మొహాన పసుపు, బొట్టు, అంతే. "దీనికి నోరేది?" అంటే "మీకుంది కదే, మీరే మాట్లాడండి" అనేది.

వీధిలో తమిళం, బడిలో తమిళం. బొమ్మల పెళ్ళిలో మాత్రం అవ్వ పెద్దరికం కనుక అంతా తెలుగే. తలంబ్రాలు, వియ్యపురాలి ఎత్తిపొడుపులు, అప్పగింతలు, సారె... ఈ మాటలన్నీ నాకు పుస్తకంలో రాలేదు, ఆ తాటాకు బొమ్మల దగ్గరే వచ్చాయి.

మరి నేను మా అమ్మాయికి ఏం చేశాను? పడుకోబెడితే కళ్ళు మూసుకునే ప్లాస్టిక్ బొమ్మ కొనిచ్చి, నా పనిలో నేను పడ్డాను. దాని పెళ్ళిలో అప్పగింతల వేళ పురోహితుడు "అమ్మా, నాలుగు మాటలు చెప్పండి" అంటే, నేను తెలుగులో చెప్పిన మాటలు దానికి సగమే అర్థమయ్యాయి. ఆ సంగతి నేటికీ నన్ను కలుక్కుమనిపిస్తుంది.

ఆ ఆరు జాతుల పిల్లల్ని ఒకప్పుడు ఇళ్ళనుంచి తీసుకుపోయి, సొంత భాష మాట్లాడితే దండించే బళ్ళలో పెట్టారు. కెనడాలోని మోహాక్ ఇన్‌స్టిట్యూట్ అనే అటువంటి బడి 1970లోగాని మూతపడలేదు. అయినా 1979లో అక్వెసాస్నే అనే ఊళ్ళో మోహాక్ తల్లిదండ్రులు తమ భాష నిలుపుకోవడానికి సొంతంగా బడి పెట్టుకున్నారు. మన ఇళ్ళలో మన నోరు ఎవరు కట్టారు? నాయకరాజుల నాటినుంచి తాతముత్తాతలు మోసుకొచ్చిన మాటను మనమే దించి పక్కన పెట్టాం.

విజయదశమి సాయంత్రం మార్కెట్టునుంచి నాలుగు పొత్తులు తెప్పించాను. పెళ్ళికొడుకును మనవరాలు చేసింది, పెళ్ళికూతురిని మా అమ్మాయి చేసింది. వియ్యపురాలిని నేను. "సారె ఏదీ?" అని గద్దించాను. మనవరాలు తెల్లబోయి, "సారె అంటే?" అంది. చెప్పాను. వెంటనే అగ్గిపెట్టెలో పసుపు, కుంకుమ, రెండు మరమరాలు పెట్టి తెచ్చి, "ఇదిగోండి సారె" అంది. మా అమ్మాయి ముఖం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

మీ ఇళ్ళలో బొమ్మల పెళ్ళినాటి మాటలు ఏవైనా గుర్తుంటే రాసి పంపండి. వచ్చే సంచికలో అందరం పంచుకుందాం.