నాడి పట్టని నైపుణ్యం: వైద్యుల చదువులో కులం ఎందుకు పాఠం కాలేదు?

1929 డిసెంబరులో 'యంగ్ ఇండియా' పత్రికలో కథియవాడ్‌కు చెందిన ఒక దళిత ఉపాధ్యాయుడి ఉత్తరం అచ్చయింది. బిడ్డను కన్న రెండు రోజులకే ఆయన భార్యకు జబ్బు చేసింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. రెండు రూపాయల ఫీజుకు ఊరి పెద్ద పూచీ పడ్డాక, బాలింతను వాడ బయటికి తీసుకొస్తేనే చూస్తానన్న షరతు మీద వచ్చాడు. థర్మామీటరును ముందు ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన భర్తకిచ్చాడు, భర్త భార్యకిచ్చాడు. అది మళ్లీ అదే దారిలో వెనక్కి వెళ్లింది. దీపం వెలుగులో దాన్ని చూసి డాక్టరు నిమోనియా అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ తల్లి బతకలేదు. అంబేడ్కర్ ఈ ఉదంతాన్ని తన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో నమోదు చేశారు.

ఆ డాక్టరుకు వైద్యం రాదని అనలేం. జబ్బు పేరు చెప్పగలిగాడు, మందు పంపించగలిగాడు. అతనికి రానిదల్లా రోగి చెయ్యి పట్టుకోవడం. అలాంటి వైద్యుణ్ణి సమర్థుడు అనవచ్చా? దాదాపు వందేళ్ల తర్వాత కూడా మన వైద్య విద్య ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడం లేదు. ప్రజారోగ్య రంగంలో పరిశోధన చేస్తున్న మేము ఈ ప్రశ్న ఇప్పుడు ఎత్తడానికి కారణం ఉంది. వైద్యుడి 'సామర్థ్యం' అంటే ఏమిటో దేశం కొత్తగా రాసుకుంటున్న కాలం ఇది. ఆ రాతలో మన మాట లేకపోతే రాబోయే రెండు మూడు తరాల డాక్టర్లు పాత అలవాట్లతోనే మన ముందు కూర్చుంటారు.

కాగితం మీద ఐదు పాత్రలు

2019–20 విద్యా సంవత్సరం నుంచి ఎంబీబీఎస్‌లో సామర్థ్య ఆధారిత విద్యా విధానం మొదలైంది. పాఠం చెప్పాం, పరీక్ష పెట్టాం, పాస్ చేశాం అన్న పాత పద్ధతి చాలదని, విద్యార్థి ఏం చేయగలడో చూడాలని దీని ఉద్దేశం. ఒక విషయం తెలుసా, ఎలా చేయాలో తెలుసా, చేసి చూపగలడా, సొంతంగా చేయగలడా అని మెట్లు కట్టారు. చదువు ముగించిన డాక్టరు ఐదు పాత్రలు పోషించాలన్నారు. మంచి చికిత్సకుడు, బృందానికి నాయకుడు, సభ్యుడు, రోగితో మాట్లాడగలిగినవాడు, జీవితాంతం నేర్చుకునేవాడు, వృత్తి ధర్మం పాటించేవాడు కావాలని రాశారు. వైఖరి, నైతికత, సంభాషణ నేర్పడానికి 27 మాడ్యూళ్లు పెట్టారు.

ఇది మంచి మార్పే. రోగితో మర్యాదగా మాట్లాడటం కూడా చదువులో భాగమేనని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. డాక్టరు కావడం అంటే ఏమిటి, రోగి కావడం అంటే ఏమిటి, వైద్యం హక్కు ఎలా అవుతుంది అని ఆ మాడ్యూళ్లు అడుగుతాయి. శవాన్ని తొలి గురువుగా గౌరవించమని కూడా చెబుతాయి. కానీ 27 శీర్షికల్లో ఒక్కదానిలోనూ కులం అన్న మాట లేదు. శవం ముందు తల వంచమన్న చదువు, బతికున్న దళితుడి ముందు ఎలా నిలబడాలో చెప్పడం మరిచిపోయింది.

కుప్పుస్వామి స్కేలు కొలవనిది

కమ్యూనిటీ మెడిసిన్ చదివిన ప్రతి విద్యార్థికీ కుప్పుస్వామి స్కేలు తెలుసు. ఇంటి పెద్ద చదువు, వృత్తి, కుటుంబ ఆదాయం, ఈ మూడింటికి మార్కులు వేసి కుటుంబం ఏ తరగతిదో తేలుస్తారు. బి.జి. ప్రసాద్ స్కేలు తలసరి ఆదాయాన్ని చూస్తుంది. గ్రామాల కోసం 1964లో ఉదయ్ పరీక్ తయారు చేసిన స్కేలులో మాత్రం కులం కూడా ఒక అంశం. అంటే కులాన్ని లెక్కలోకి తీసుకోవాలన్న ఎరుక ఈ రంగానికి లేక కాదు. వాడుకలో ఎక్కువగా నిలిచిన కొలతల్లో అది జారిపోయింది. ఆదాయం చూస్తే చాలు, కులం చూసినట్టే అన్న భ్రమ మిగిలింది.

అది భ్రమ అని చెప్పడానికి ఆధారాలున్నాయి. 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల సర్వే ఆధారంగా 2006లో ఘన్‌శ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరట్, సతీశ్ దేశ్‌పాండే, అమితా బవిస్కర్ అంటరానితనం మీద పుస్తకం ప్రచురించారు. ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తలు దళితుల ఇళ్లకు వెళ్లని గ్రామాలు అందులో దాదాపు మూడో వంతు. గుజరాత్, రాజస్థాన్ గ్రామాల్లో దళిత పిల్లలతో మాట్లాడి సంఘమిత్ర ఆచార్య 2010లో రాసిన అధ్యయనం, పరీక్ష చేసేటప్పుడు తాకకపోవడం, మందులిచ్చేటప్పుడు దూరం పాటించడం వంటివి కొనసాగుతున్నాయని చూపింది. మరణించిన దళిత మహిళల సగటు వయసు 39.5 ఏళ్లు, అగ్రకుల మహిళలది 54.1 ఏళ్లు అని ఐక్యరాజ్య సమితి మహిళా విభాగం 2018 నివేదిక పేర్కొంది. ఇది ఆయుర్దాయం లెక్క కాదు, చనిపోయినవారి వయసుల సగటు. అయినా ఆ తేడాను ఒక్క పేదరికంతో సరిపెట్టలేం.

కులం తెలియకపోవడం మర్యాద లోపం మాత్రమే కాదు, వైద్యం తెలియకపోవడం కూడా. ఒక మనిషి ఆయాసంతో ఆస్పత్రికి వచ్చాడనుకుందాం. కేస్ షీటులో వృత్తి దగ్గర 'కూలీ' అని రాస్తారు. ఏం కూలి అని అడిగితే కదా, పొద్దున సెప్టిక్ ట్యాంకులోకి దిగాడని తెలిసేది? అడగని డాక్టరుకు విషవాయువు ఆలోచనే రాకపోవచ్చు. జ్వరంతో, కామెర్లతో వచ్చిన పారిశుద్ధ్య కార్మికురాలిలో ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్‌ను అనుమానించాలంటే ఆమె చేతులు రోజంతా దేనిలో ఉంటాయో తెలియాలి. పాకీ పనిని 2013 చట్టం మరోసారి నిషేధించినా ఆ పని ఏ కులాల మెడకు చుట్టుకుని ఉందో మనకు తెలుసు. డాక్టరుకు కూడా తెలియాలి. అది సామాజిక శాస్త్రం కాదు, రోగ నిర్ధారణ.

సంతకం ఎవరి చేతిలో ఉంది?

ఇప్పటిదాకా రోగి వైపు నుంచి మాట్లాడాం. అదే గదిలో మన పిల్లలు విద్యార్థులుగా కూడా ఉన్నారు. కొత్త విధానంలో ప్రతి నైపుణ్యానికీ లాగ్‌బుక్‌లో అధ్యాపకుడి సంతకం కావాలి. అంతర్గత మూల్యాంకనంలో నిర్ణీత మార్కులు రాకపోతే యూనివర్సిటీ పరీక్ష రాయనివ్వరు. విద్యార్థిని దగ్గరుండి గమనించి సమర్థుడో కాదో చెప్పడం బోధనాపరంగా సరైన పద్ధతే. కానీ ఆ గమనించే కళ్లలో కులం ఉంటే?

2006లో ఢిల్లీ ఎయిమ్స్‌లో వివక్ష ఆరోపణల మీద వేసిన సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. కమిటీకి సమాధానాలిచ్చిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్లో 76 శాతం మంది తమ జవాబు పత్రాలను సరిగా దిద్దలేదని చెప్పారు. ప్రాక్టికల్స్, వైవాల్లో తమకు న్యాయం జరగలేదని చెప్పినవారు 84 శాతం. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పేరు కనిపించని పేపరు మీద కంటే ముఖం కనిపించే వైవా మీదే ఫిర్యాదు ఎక్కువ. కొత్త విధానం ముఖాముఖి మూల్యాంకనం బరువును పెంచింది. రక్షణలు పెంచకుండా ఆ బరువు మాత్రం పెంచితే భారం ఎవరి మీద పడుతుందో చెప్పనక్కర్లేదు.

సర్జికల్ వార్డులో పని నేర్చుకోవాలంటే సీనియర్ చెయ్యి పట్టి చూపించాలి. ఆపరేషన్ థియేటర్‌లోకి రానివ్వాలి, తప్పు చేస్తే సరిదిద్దాలి. పక్కకు నెట్టేసిన విద్యార్థికి నైపుణ్యం గాలిలోంచి రాదు. 2019 మేలో ముంబైలోని నాయర్ ఆస్పత్రిలో పీజీ చదువుతున్న ఆదివాసీ వైద్యురాలు డాక్టర్ పాయల్ తడ్వీ మరణించారు. సీనియర్లు కులం పేరుతో వేధించారని, పని నేర్చుకునే అవకాశాలు ఇవ్వలేదని ఆమె కుటుంబం ఆరోపించింది. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో ఒక గిరిజన పీజీ విద్యార్థిని మరణం తర్వాత సీనియర్ మీద ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కూడా కేసు నమోదైంది. నేరాలను కోర్టులు తేలుస్తాయి. కానీ పని నేర్పకుండా ఆపి, తర్వాత 'వీళ్లకు పని రాదు' అనే తతంగం మనకు కొత్త కాదు.

మెరిట్ పేరుతో మనల్ని నిలదీసేవారిని ఒక మాట అడగాలి. 2023లో నీట్ పీజీ కటాఫ్‌ను అన్ని వర్గాలకూ సున్నా పర్సంటైల్‌కు దించారు. సీట్లు ఖాళీగా పోకూడదని చేసిన ఆ పని మీద, రిజర్వేషన్ మీద లేచినంత గగ్గోలు లేచిందా? 69 శాతం రిజర్వేషన్లు అమలు చేసే తమిళనాడు ప్రసూతి మరణాలను తగ్గించడంలో దేశంలో ముందు వరుసలో ఉంది. సామర్థ్యం ఎంట్రన్సు ర్యాంకుతోనే ఆగిపోదని, అది నేర్పితే వచ్చేదని, జీవితాంతం పెంచుకోవాల్సిందని కొత్త విధానమే చెబుతోంది. ఆ మాట నిజమైతే మెరిట్ వాదానికి కాళ్లు లేవు.

30 గంటల్లో ఏం నేర్చుకుంటున్నారు?

డిగ్రీ చేతికొచ్చాక చదువు సంగతి చూద్దాం. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం డాక్టరు ప్రతి ఐదేళ్లకు కనీసం 30 గంటలు నిరంతర విద్యా కార్యక్రమాల్లో పాల్గొనాలి. 2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ కొత్త నియమావళి తెచ్చింది. జనరిక్ మందుల పేర్లు రాయాలన్న నిబంధన మీద, మందుల కంపెనీల స్పాన్సర్‌షిప్‌తో జరిగే సదస్సులకు వెళ్లకూడదన్న నిబంధన మీద వైద్య సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. మూడు వారాలకే, ఆగస్టు 23న, దాన్ని నిలిపివేశారు. మళ్లీ 2002 నియమావళే అమల్లోకి వచ్చింది.

ఈ గొడవలో అసలు సంగతి ఒకటి బయటపడింది. డాక్టర్ల నిత్య విద్యకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, ఏం నేర్పాలన్నది కూడా చాలావరకు అక్కడే తేలుతుంది. కొత్త మందు మీద, కొత్త స్టెంటు మీద సదస్సు పెట్టడానికి స్పాన్సర్ దొరుకుతాడు. వాడలో బాలింత ఎందుకు చనిపోతోందో చెప్పే సదస్సుకు ఏ కంపెనీ హోటల్ హాలు బుక్ చేస్తుంది?

అదే 2002 నియమావళిలో డాక్టరు చేయాల్సిన ప్రమాణం ఉంది. మతం, జాతీయత, జాతి, పార్టీ రాజకీయాలు, సామాజిక హోదా తన విధికీ రోగికీ మధ్య రాకూడదని చెప్పే వాక్యం అందులో ఉంది. కులం అనే మాట లేదు. సామాజిక హోదాలోనే కులం ఇమిడి ఉందని వాదించవచ్చు. కానీ యూరప్‌లో యుద్ధం తర్వాత 1948లో రాసిన జెనీవా ప్రమాణం మాటలను తెచ్చుకుని, మన ఊళ్లో రోజూ డాక్టరుకూ రోగికీ మధ్య నిలబడే దాని పేరు రాయకపోవడం యాదృచ్ఛికమని మేము అనుకోవడం లేదు.

తీర్పు రోగి చేతికి

న్యూజిలాండ్‌లో మావోరీ నర్సు ఇరిహపెటి రామ్స్‌డెన్ 'సాంస్కృతిక భద్రత' అనే ఆలోచనను ముందుకు తెచ్చారు. వైద్యం భద్రంగా అందిందా లేదా అన్నది చేసినవారు కాదు, పొందినవారు చెప్పాలన్నది దాని సారం. నర్సుల చదువులో మొదలైన ఆ ఆలోచనను అక్కడి మెడికల్ కౌన్సిల్ డాక్టర్లకూ వర్తింపజేసింది. కాలిఫోర్నియా 2019లో చేసిన చట్టం డాక్టర్ల నిరంతర విద్యలో తమకు తెలియకుండా ఉండే పక్షపాతాల గురించిన పాఠాన్ని తప్పనిసరి చేసింది. అక్కడ ప్రాక్టీసు చేసే మన తెలుగు డాక్టర్లు నల్లజాతి రోగుల పట్ల తమ పక్షపాతం గురించి చదువుకుంటారు. ఇక్కడ ప్రాక్టీసు చేసే వారి క్లాస్‌మేట్లకు దళిత రోగి గురించి అలాంటి గంట ఒక్కటీ తప్పనిసరి కాదు.

మేము కోరేవి అసాధ్యమైనవి కావు. కుల వివక్షను గుర్తించడం, దాన్ని ఆపడం అన్నదాన్ని ఒక సామర్థ్యంగా పాఠ్య ప్రణాళికలో పేరు పెట్టి రాయాలి. మిగతా నైపుణ్యాల్లాగే పరీక్షించాలి. ఐదేళ్ల 30 గంటల్లో కొన్నింటిని దీనికి కేటాయించి, ఆ ఖర్చు కౌన్సిళ్లే భరించాలి. ప్రతి కాలేజీ థియరీ మార్కులకూ వైవా మార్కులకూ మధ్య తేడాను సామాజిక వర్గాల వారీగా ఏటా ప్రకటించాలి. లాగ్‌బుక్ సంతకం ఒక్కరి దయ మీద ఆధారపడకుండా, అప్పీలుకు దారి ఉండాలి. ఎస్సీ, ఎస్టీ సెల్‌కు నోటీసు బోర్డు మీద పేరుతో పాటు రికార్డులు తెప్పించుకునే అధికారం ఇవ్వాలి.

మొదలుపెట్టడానికి ఒక చోటు ఇప్పటికే ఉంది. కుటుంబ దత్తత కార్యక్రమం కింద ప్రతి వైద్య విద్యార్థి పల్లెలో కొన్ని కుటుంబాలను ఎంచుకుని చదువు సాగినంత కాలం వారి ఆరోగ్యాన్ని గమనించాలి. కాలేజీ బస్సు పంచాయతీ ఆఫీసు దగ్గర ఆగి, విద్యార్థులు నాలుగు సిమెంటు రోడ్ల ఇళ్లు చూసి వెనుదిరిగితే అది హాజరు పట్టీకే పనికొస్తుంది. ప్రతి విద్యార్థి జాబితాలో మాలవాడ, మాదిగవాడ, తండా నుంచి కనీసం ఒక కుటుంబం ఉండాలని, ఏడాది చివర ఆ కుటుంబం చెప్పిన మాట కూడా మూల్యాంకనంలో చేరాలని కాలేజీలు నిర్ణయించుకోవచ్చు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, డిపార్ట్‌మెంట్ ఒక సర్క్యులర్ ఇస్తే చాలు.

దళిత సంఘాలు, విద్యార్థి సంఘాలు, అంబేడ్కరైట్ డాక్టర్లు తమ జిల్లాలోని మెడికల్ కాలేజీని ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇదే: ఈ ఏడాది మీ విద్యార్థులు దత్తత తీసుకున్న కుటుంబాల్లో మా వాడ ఇళ్లు ఎన్ని?