తప్పు ఒప్పుకుంటే వ్యూహం, అడిగితే ద్రోహమా?

2025 మే 31న సింగపూర్‌లో త్రిదళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ విదేశీ వార్తాసంస్థలతో మాట్లాడుతూ, ఆపరేషన్ సిందూర్ తొలి దశలో మన వాయుసేనకు విమాన నష్టం జరిగిందని అంగీకరించారు. విమానం కూలడం కాదు, ఎందుకు కూలిందన్నదే ముఖ్యమన్నారు. వ్యూహంలో దొర్లిన పొరపాటును గుర్తించి, సరిదిద్దుకుని, రెండు రోజులకే మళ్లీ ఎగిరామని వివరించారు. ఆరు విమానాలు కూల్చామన్న పాకిస్థాన్ ప్రగల్భాన్ని పూర్తిగా తోసిపుచ్చారు. ఒక సైనికుడు మాట్లాడవలసిన తీరు అదే. అందులో దాపరికం లేదు, దైన్యమూ లేదు.

ఆ మాటకు దేశం స్పందించిన తీరే ఆలోచించదగినది. ఈ నిజాన్ని పార్లమెంటులో చెప్పకుండా పరాయి గడ్డపై ఎందుకు చెప్పారని కాంగ్రెస్ నిలదీసింది. కార్గిల్ తరహా సమీక్షా సంఘాన్ని వేయాలని మల్లికార్జున ఖర్గే కోరారు. అంతకు కొద్ది రోజుల ముందే తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి రఫేల్ విమానాలు ఎన్ని కూలాయో చెప్పాలని అడిగితే, సైన్యాన్ని అవమానించారంటూ బీజేపీ నాయకులు విరుచుకుపడ్డారు. విమానాలు కూలాయా అన్న ప్రశ్న నేరమైన చోట, కూలాయన్న జవాబు మాత్రం వ్యూహమైంది! ప్రశ్నా జవాబూ ఒకే నిజానికి రెండు కొసలు. ఒక కొసను పట్టుకున్నవాడు వీరుడు, రెండో కొసను పట్టుకున్నవాడు ద్రోహి ఎలా అవుతాడు?

ముఖ్యమంత్రికే ఆ గతి పడితే సామాన్య ముస్లిం మాటేమిటి? అశోకా విశ్వవిద్యాలయ అధ్యాపకుడు అలీ ఖాన్ మహ్మూదాబాద్ అదే మే నెలలో రాసిన మాటలు చూడండి. కల్నల్ సోఫియా ఖురేషీని మెచ్చుకుంటున్నవారు, మూకదాడుల బాధితులకు కూడా పౌరులుగా రక్షణ కావాలని అంతే గట్టిగా అడగాలని ఆయన అన్నారు. మే 18న హర్యానా పోలీసులు ఆయనను అరెస్టు చేశారు. సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చేదాకా ఆయన నిర్బంధంలోనే ఉన్నారు. అదే సోఫియా ఖురేషీని ఉగ్రవాదుల సోదరిగా సూచిస్తూ మాట్లాడిన మధ్యప్రదేశ్ మంత్రి విజయ్ షాపై కేసు పెట్టడానికి హైకోర్టే స్వయంగా ఆదేశించవలసి వచ్చింది. ఆయన క్షమాపణను సుప్రీంకోర్టు నమ్మలేదు, కానీ అరెస్టును మాత్రం నిలిపివేసింది. అధ్యాపకుడికి సంకెళ్లు, మంత్రికి గడువు. ఈ తక్కెడ ఎటు మొగ్గిందో చెప్పడానికి వేరే సాక్ష్యం కావాలా?

యుద్ధ సమయంలో ప్రశ్నించరాదన్నది మన సంప్రదాయమే కాదు. 1962 అక్టోబరులో చైనా సేనలు చొచ్చుకువస్తున్న రోజుల్లోనే, మనం వాస్తవానికి దూరమై, మనమే కల్పించుకున్న కృత్రిమ వాతావరణంలో బతుకుతున్నామని ప్రధాని నెహ్రూ బాహాటంగా ఒప్పుకున్నారు. పార్లమెంటును ముందుగా సమావేశపరచాలని కోరినవారిలో యువ సభ్యుడు వాజ్‌పేయి ఒకరు. యుద్ధం ముగియకముందే, నవంబరు 8న సభ కొలువుదీరింది. రక్షణమంత్రి కృష్ణ మీనన్ పదవి కోల్పోయారు. మరుసటి ఏడాది కృపలానీ పెట్టిన అవిశ్వాస తీర్మానాన్ని 62 మంది బలపరిస్తే 347 మంది తిరస్కరించారు. నిలదీసిన వాజ్‌పేయిని ఎవరూ చైనా మనిషి అనలేదు. ఒప్పుకున్న నెహ్రూను సభ కూలదోయలేదు.

అయితే ఆ ఒప్పుకోలుకూ ఒక చీకటి కోణం ఉంది. వ్యూహంలో జరిగిన తప్పును ఒప్పుకున్న ప్రభుత్వమే, చైనా మూలాలున్న సుమారు మూడు వేల మందిని విచారణ లేకుండా రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో నిర్బంధించింది. ఆ తప్పును ఎవరూ ఒప్పుకోలేదు. సరిహద్దులో జరిగిన తప్పుకు సమీక్ష ఉంటుంది, మైనారిటీకి జరిగిన తప్పుకు మౌనమే ఉంటుంది.

ఆ మౌనం ఎలాంటిదో నంద్యాలకు బాగా తెలుసు. 1991లో ఆళ్లగడ్డ నేత గంగుల ప్రతాపరెడ్డి తన లోక్‌సభ స్థానాన్ని ప్రధాని పి.వి. నరసింహారావు కోసం వదులుకున్నారు. తెలుగువాడన్న అభిమానంతో తెలుగుదేశం పోటీకి దిగలేదు. బీజేపీ అభ్యర్థి బంగారు లక్ష్మణ్‌పై ఐదు లక్షలకు మించిన ఆధిక్యంతో పి.వి.ని గెలిపించి నంద్యాల చరిత్రకెక్కింది. ఏడాది తిరిగేసరికి, 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. అది యుద్ధం కాదు, నిజమే. కానీ సొంత పౌరులను కాపాడలేకపోవడం ఓటమి కాదా? ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం నమ్మించి మోసం చేసిందన్నదే ఆయన వాదన. అలా నమ్మడమే నా తప్పు అన్న ఒక్క వాక్యం కోసం ఆయనను ఎన్నుకున్న నియోజకవర్గంలోని ముస్లింలు ఎదురుచూశారు. మసీదును తిరిగి కడతామన్న హామీ వచ్చింది, ఆ వాక్యం రాలేదు. హామీ కూడా నెరవేరలేదు. 1996లో నంద్యాల ఆయనను మళ్లీ గెలిపించింది గాని, ఆధిక్యం సుమారు లక్షకు పడిపోయింది. ఆ తగ్గుదలకు కారణాలు అనేకం కావచ్చు. మౌనాన్ని జనం మరచిపోతారని మాత్రం ఏ నాయకుడూ అనుకోకూడదు. 1977లో రాష్ట్రంలోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌ను ఎన్నుకుంటే, జనతా అభ్యర్థి నీలం సంజీవరెడ్డిని పంపిన ఒకే ఒక్క స్థానం నంద్యాల. అందరూ తలూపుతున్నప్పుడు వేరుగా ఆలోచించడం ఈ నేలకు కొత్త కాదు.

ఒప్పుకోలు ఒక్కటే చాలదన్నది కూడా మనం గట్టిగా చెప్పాలి. పహల్గాంలో 26 మంది హత్యకు గురయ్యారు. కావలి, విశాఖపట్నం కుటుంబాలు కూడా ఆ శోకంలో ఉన్నాయి. పర్యాటకులను కాపాడబోయి ప్రాణమిచ్చిన కాశ్మీరీ ముస్లిం గుర్రపువాడు కూడా ఆ మృతుల్లో ఉన్నాడు. అది భద్రతా వైఫల్యమేనని, పూర్తి బాధ్యత తనదేనని లెఫ్టినెంట్ గవర్నర్ మనోజ్ సిన్హా జూలైలో ప్రకటించారు. బాధ్యత తనదన్నారు, పదవిని మాత్రం అప్పుడు వదులుకోలేదు. ఆళ్లగడ్డ శిల్పి విగ్రహంలో పగులు కనిపిస్తే రంగు పూసి అమ్మడు, ఆ రాయిని పక్కన పెట్టి కొత్త రాయి ఎత్తుకుంటాడు. పాలకుల ఒప్పుకోలు పగులుపై పూసిన రంగుగా మిగలకూడదు.

మన డిమాండ్లు స్పష్టం. 1999లో సుబ్రహ్మణ్యం సంఘం కార్గిల్ వైఫల్యాలను పరిశీలించి నివేదిక ఇచ్చినట్లే, పహల్గాం నుంచి కాల్పుల విరమణ దాకా జరిగిన ప్రతిదానిపై సమీక్ష జరగాలి. నివేదిక పార్లమెంటు ముందుకు రావాలి. జనరల్ అంగీకరించిన నిజాన్ని అడిగినందుకు ఏ పౌరుడిపైనా, ఏ మతస్థుడిపైనా కేసు ఉండకూడదు. అన్నిటికీ మించి, ప్రశ్న అడిగే ముందు దేశభక్తి ధ్రువపత్రం చూపాలన్న షరతును ముస్లింలు అంగీకరించనవసరం లేదు. పన్ను కట్టేవాడికి, బిడ్డను సైన్యానికి పంపేవాడికి, ఓటు వేసేవాడికి లెక్క అడిగే హక్కు పుట్టుకతోనే వచ్చింది. అది ఎవరో దయతో ఇచ్చినది కాదు, కనుక ఎవరి కోపానికో జడిసి వదులుకోవలసినదీ కాదు.