పాట మనదే, రాసినాయన ఎవరు?



మొన్న మన సంఘం కార్యక్రమంలో పిల్లలు గోదావరి ఉప్పొంగే పాట పాడారు. మనందరికీ నోటికొచ్చిన పాటే. అయ్యాక ఏడో తరగతి పిల్ల ఒకతె వచ్చి, "ఇది ఎవరు రాశారండీ?" అని అడిగింది. వేదిక మీదున్నవాళ్లం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. "జానపదం అమ్మా" అని ఒకరు, "రేడియో పాట" అని ఇంకొకరు సర్దేశాం. వెనక వరసలోంచి రిటైరైన తెలుగు మాస్టారు లేచి, "అడివి బాపిరాజు" అన్నారు.

సిగ్గేసింది. బాపిరాజు మాకు తెలియనివాడు కాదు మరి. 'నారాయణరావు', 'హిమబిందు', 'గోన గన్నారెడ్డి' చదువుతూ పెరిగినవాళ్లం. 1934లో విశ్వనాథ 'వేయిపడగలు'తో కలిసి ఆంధ్ర విశ్వకళా పరిషత్తు బహుమతి పంచుకున్న నవల 'నారాయణరావు' అని నిద్రలో లేపి అడిగినా చెబుతాం. ఆ జమీందారు కూతురు శారద మీద ఎన్ని సాయంత్రాలు వాదించుకున్నామో! నవలలు బీరువాలో ఉన్నాయి, పాట నాలుక మీద ఉంది. రెండూ ఒక్క చేతి రాతేనని ఇన్నేళ్లకు తెలిసింది.

'శశికళ' గేయాలూ ఆయనవేనని, బొమ్మలూ వేసేవారని, రాజమండ్రి కాలేజీలో కూల్డ్రే దొర ఆయన్నీ దామెర్ల రామారావునీ ప్రోత్సహించారని మాస్టారు చెప్పారు. ఇంటికెళ్లి నవలలు మళ్లీ తిరగేశాం. కుర్రతనంలో "వర్ణన ఎక్కువైంది, కథ ఎప్పుడు నడుస్తుంది" అని దాటేసిన పేజీలు ఇప్పుడు ఆగి చదివాం. కథ ఆగిందనుకున్న చోటల్లా కవి మాట్లాడుతున్నాడు. సగం మనిషినే చదివి, మొత్తం చదివామనుకున్నాం.

"పేరు లేకుండా జనంలో బతకడమే పాటకి గొప్ప కదా" అని ఒక సభ్యుడు అన్నారు. పాటకి గొప్పే కావచ్చు. పిల్లలకి మాత్రం నష్టం. పేరు తెలిస్తే పాట పాడిన పిల్ల రేపు నవల దగ్గరకి వెళ్తుంది. తెలియకపోతే చప్పట్లతోనే ఆగిపోతుంది.

ఇంకో మాట. పాలన పుదుచ్చేరిది, భాష తెలుగు. తెలుగువాళ్ల లెక్కల్లో యానాం పేరు మర్చిపోతారని ప్రతి సభలోనూ బాధపడతాం. మరి మన గోదావరి మీద పాట కట్టినాయన పేరు మర్చిపోయింది ఎవరండీ? మనమే.

అందుకని మా మనవి ఒక్కటే. ఇకనుంచి వేదిక మీద ఏ పాటైనా, పాడేవాళ్ల పేరు కంటే ముందు రాసినవాళ్ల పేరు చెబుదాం. మీ బీరువాల్లో బాపిరాజు నవలలుంటే సంఘం గదికి తెండి. ఆ పిల్లకి మొదటి పుస్తకం మేమే ఇస్తాం.